మేస్త్రిగారి మతిమరుపు

మేస్త్రిగారికి ఏదీ గుర్తుండదు. ఈ ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తు. విమానాల షెడ్డులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుండేవాడు. "నా పుట్టినరోజు నాకే గుర్తుండదు. అందుకే వయసు పెరగడం మానేసింది" అనేవాడు, బట్టతల నిమురుకుంటూ.

ఒకసారి భార్య షెడ్డుకి ఫోన్ చేసి "మా ఆయన ఉన్నారా?" అంటే, "ఒక్క నిమిషం, కనుక్కుని చెబుతానండీ" అని షెడ్డంతా వెతికొచ్చాడట. ఇదీ ఆయన చెప్పిందే.

కొత్తగా చేరిన మెకానిక్‌కి ఇదంతా ఒళ్ళుమంటగా ఉండేది. పదేళ్ళ అనుభవం, పెట్టెడు సర్టిఫికెట్లు ఉన్న మనిషి. తన చెయ్యి పడితే ఇంజను దానంతటదే బాగుపడుతుందని అప్పటికింకా గట్టిగా నమ్ముతుండేది. తన పని చూసి సంతకం పెట్టేది ఈ మతిలేని మనిషా అని ఆవిడ బాధ.

ఆ వారం ఒక చిన్న విమానానికి రెండు ఇంజన్లలోనూ ఇంధనం గొట్టాల సీళ్ళు మార్చే పని పడింది. ఉంగరాల్లాంటి రబ్బరు ముక్కలు. అరిగి బీటలిస్తే ఇంధనం కారుతుంది. కాలుతున్న ఇంజను మీద ఒక్క చుక్క పడితే చాలు, గాల్లో మంటే. ఆవిడ పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ముగించి, దర్జాగా చేతులు తుడుచుకుంది.

మేస్త్రి వచ్చి, విప్పిన పాత సీళ్ళున్న పళ్ళెం ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నా బుర్ర బూజుపట్టిపోయింది. ఇంజనుకి ఎన్ని సీళ్ళు?"

"నాలుగు."

"రెండు ఇంజన్లకి?"

"ఎనిమిది, మేస్త్రిగారూ." ఎక్కాలు నేర్పుతున్నట్టు చెప్పింది.

"నాకెందుకో ఏడే వస్తున్నాయి. లెక్కలు కూడా మరిచిపోయినట్టున్నాను. మీరోసారి చూస్తారా?"

ఆవిడ నిట్టూర్చి లెక్కపెట్టింది. ఏడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే. గబగబా నిచ్చెనెక్కింది. ఎడమ ఇంజనులో చివరి బిగింపు విప్పితే పాత సీలు అలాగే ఉంది, బీట దగ్గర తడిగా మెరుస్తూ. పని మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడొచ్చి, పాతదాని మీదే బిగించేసింది మహాతల్లి.

కొత్తది వేసి దిగొచ్చి, తప్పు తనదేనని పని వివరాల పుస్తకంలో రాసింది. మేస్త్రి చదివి సంతకం పెట్టాడు. "రాయడం మంచిదమ్మా. నాకైతే సాయంత్రానికి గుర్తుండదు."

టీ తాగుతూ ఈ సంగతి చెబితే ఎలక్ట్రీషియన్ నవ్వాడు.

"నన్ను తీగల రంగులు అడిగాడు. ఏది ఎరుపో మరిచిపోయానన్నాడు. చూస్తే నేను తారుమారుగా కలిపేశాను. ఇరవై ఏళ్ళలో ఆయన ఎవర్నీ 'నువ్వు తప్పు చేశావు' అనలేదండీ. ఎప్పుడూ తనకే తెలియదంటాడు."

"మరి ఆ ఫోన్ కథ?"

"వాళ్ళావిడనడిగితే, అసలు ఎప్పుడూ షెడ్డుకి ఫోనే చెయ్యలేదంది."

తర్వాతి వారం, పక్క మెకానిక్ ఒక బోల్టు వదులుగా వదిలేసి పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఆవిడ చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "కాస్త ఈ బోల్టు చూస్తారా? ఈమధ్య నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు" అంది. అతను చూసి, నాలిక కరుచుకుని, బిగించాడు.

వెనక్కి తిరిగితే మేస్త్రి.

"ఈ జబ్బు అంటుకుంటుందని మీకు ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాడు. "మరిచిపోయాను."