ఉపవాసంతో రండి

కరోనా సద్దుమణిగాక వచ్చిన వేసవిలో, ఏలూరులో ఒక వైద్య కళాశాలలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా ఉండగా, నాకొక గుండెజబ్బు అధ్యయనం అప్పగించారు. కొవ్వు అంటే ఒంట్లో ఊరికే పేరుకున్న సరుకు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అదీ ఒక గ్రంథిలా పనిచేసి, రక్తంలోకి హార్మోన్లు వదులుతుంది. వాటిలో అడిపోనెక్టిన్ రక్తనాళాలకు మేలు చేస్తుందని, గుండె నాళాలు పూడుకున్నవారిలో అది తరచు తక్కువగా ఉంటుందని చెబుతారు. లెప్టిన్ అనే మరొకటి ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ పెరుగుతుంది, ఎక్కువసేపు పస్తుంటే పడిపోతుంది. యాంజియోగ్రామ్‌కు, అంటే గుండె నాళాల్లోకి మందు ఎక్కించి బొమ్మ తీసే పరీక్షకు వచ్చేవారి రక్తం ముందుగా తీసి, ఈ హార్మోన్ల కొలతకూ పూడికలకూ పొంతన ఉందేమో చూడడం మా పని.

రక్తం పరగడుపున తీయాలి. రోగులకు చెప్పాల్సిన సూచనల్లో మేము ‘ఫాస్టింగ్’ అని రాశాం. రోగుల మీద పరిశోధనలకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీవారు, రోగితో అచ్చంగా తెలుగులో మాట్లాడాలని షరతు పెట్టి, దాన్ని కొట్టేసి ‘ఉపవాసం’ అని దిద్దారు. ఫాస్టింగ్ అంటే కొల్లేరు లంకల్లో చేపలమ్మే ముసలమ్మకు కూడా తెలుసు. కమిటీకి ఆ సంగతి తెలియదు. మా పీజీ విద్యార్థిని డాక్టర్ శ్రావణి కమిటీ మాట జవదాటకుండా అందరికీ ఫోన్ చేసి, రేపు ఉపవాసంతో రమ్మని చెప్పింది.

మర్నాడు శనివారం. మొదట తాడేపల్లిగూడెం నుంచి ఉల్లిపాయల వ్యాపారి సుబ్బారావుగారు వచ్చారు. ఆయన నమస్కారం అనగానే అల్లం వాసన గుప్పుమంది. ఏమైనా తిన్నారా అని అడిగాను.

“అబ్బే, అన్నం ముట్టలేదండి. శనివారం ఎలాగూ ఉపవాసమే కదండీ. రెండు పెసరట్లు, కాస్త ఉప్మా.”

నాకు ఒళ్ళు మండింది. ఉప్మా తింటే ఉపవాసమెలా అవుతుందన్నాను.

“ఉప్మా తినకపోతే ఉపవాసం ఎలా ఉంటామండీ?” అని ఆయన నావంక జాలిగా చూశారు.

ఆయన్ని పంపించి కూర్చున్నానో లేదో, రత్నమ్మగారు వచ్చారు. గుండుగొలనులో బడిపంతులమ్మ. షుగరు ఉంది, కొన్నాళ్ళుగా నడిస్తే గుండెల్లో బరువు. సోమవారం ఆవిడకు యాంజియోగ్రామ్. రక్తం తీయడానికి చేతికి పట్టీ కడుతుండగానే ఆవిడకు ముచ్చెమటలు పోసి, మాట తడబడి, కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయారు. గుండెపోటే అనుకుని శ్రావణి స్ట్రెచర్ కోసం పరిగెత్తింది. నాకూ అదే భయం వేసింది. అయినా చెమట చూసి, వేలు పొడిచి షుగరు చూశాను. మనిషి స్పృహలో ఉండాల్సినంత కూడా లేదు. వెంటనే నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి కళ్ళు తెరిచి, తన చేతిసంచీ ఏదని అడిగారు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది. ఈసీజీ కూడా తీయించాను, కొత్త తేడా ఏమీ లేదు.

ఎప్పటినుంచి తినలేదని అడిగాను.

“నిన్న మీ డాక్టరమ్మగారు ఫోన్ చేసినప్పట్నుంచేనండి. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. షుగరు బిళ్ళ మాత్రం మానకూడదన్నారు కదాని వేసుకున్నానండి.”

నీళ్ళెందుకు మానేశారన్నాను.

“ఉపవాసంతో రమ్మన్నారు కదండీ. మా చర్చిలో ఉపవాసమంటే నీళ్ళు కూడా ముట్టకుండా చేసే ప్రార్థనేనండి. మందులతో అయ్యే పని కాదు, ఇక ప్రార్థనే దిక్కు అని నాతో చెప్పలేక అలా అన్నారనుకున్నాను. మా పిల్లలకు కూడా చెప్పలేదండి.”

శ్రావణి ముఖం పక్కకు తిప్పుకుంది. ముందు రాత్రంతా ఆవిడ చావుకు సిద్ధపడుతూ గడిపారు.

ఆవిడ భర్త, చర్చివాళ్ళు కొందరు వరండాలో కూర్చుని ఉన్నారు. వాళ్ళూ పస్తే. మేమూ రక్తం ఇవ్వాలాండీ అని వాళ్ళలో ఒకాయన మర్యాదగా అడిగారు. అక్కర్లేదని చెప్పి అందరినీ క్యాంటీన్‌కు పంపాను.

సుబ్బారావుగారిని మరోరోజు రమ్మన్నాం. రత్నమ్మగారి యాంజియోగ్రామ్‌నూ వాయిదా వేసి, ఈసారి ఆవిడకు నేనే ఫోన్ చేశాను. రాత్రి మామూలుగా భోజనం చేసి, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దని, పొద్దున షుగరు బిళ్ళ వేసుకోవద్దని చెప్పాను.

“మరి ప్రార్థనండీ?”

“అది మీ ఇష్టమండి. పరీక్షకు అడ్డం రాదు.”

యాంజియోగ్రామ్‌లో ఆవిడకు ఒక నాళంలో పూడిక కనిపించింది. స్టెంట్ వేశారు. బడి తెరిచేసరికి ఆవిడ పనిలో చేరారు.

నేను రిటైరయ్యేదాకా మా విభాగంలో రోగితో ఉపవాసం అనే మాట ఎవరినీ అననివ్వలేదు. కమిటీకి రాసి, ‘ఫాస్టింగ్’ను మళ్ళీ తెలుగు మాటల్లో చేర్పించాను. ఆ రోజు నేర్చుకున్నది ఇంతే: రక్తం తీసేముందు తిన్నారా అని అడిగితే చాలదు, ఎందుకు రమ్మన్నామనుకున్నారో కూడా అడగాలి.