గోనెపట్ట పరీక్ష

నిన్న హిందూపురం గ్రంథాలయంలో ఒక పాత వైద్యచరిత్ర పుస్తకం దొరికింది. గర్భం నిలిచిందో లేదో తెలుసుకోవడానికి వేల ఏళ్ల కిందట ఈజిప్టు ఆడవాళ్లు గోధుమ, బార్లీ గింజలను తమ మూత్రంతో తడిపేవారట, మొలకెత్తితే గర్భమున్నట్టు. పోయిన శతాబ్దంలో ఆ పని కప్పల మీద పడిందట. మూత్రాన్ని ఆడకప్పకు సూదితో ఎక్కిస్తే, గర్భమున్నట్లయితే అది మర్నాటికల్లా గుడ్లు పెట్టేదట. కప్పల పుట చదువుతూ నవ్వుకున్నాను. మళ్లీ గింజల పుట తిప్పేసరికి చదవలేక పుస్తకం మూసేశాను.

ఈజిప్టు ఏ దిక్కున ఉందో మా అవ్వకు తెలియదు. పెనుకొండ దగ్గరి మా ఊరు దాటి ఆమె పోయిన దూరమంతా ధర్మవరం వరకే, అదీ చిన్నకొడుక్కి పిల్లను చూడటానికి. ఏటా విత్తే ముందు కొన్ని వేరుశనగ గింజలు తడి గోనెపట్టలో చుట్టి, ఎన్ని మొలకెత్తుతాయో చూసే అలవాటు మా వైపు ఉంది. అవ్వ వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది దానికి ఒక మెట్టు పైన: నీళ్లకు బదులు కోడలి మూత్రంతో తడపడం. నేను కడుపులో పడ్డప్పుడు గింజలు ఏపుగా మొలిచాయని గొప్పగా చెప్పేది. నా రాక సంగతి ముందుగా తెలిసింది వేరుశనగ గింజలకన్నమాట.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా చిన్నమ్మకు, అంటే నాయన తమ్ముడి భార్యకు, నెల తప్పింది. అంతకుముందు ఒకసారి కడుపు పోయింది. ఈసారి నిలిచిందని తేలితే విత్తే పని తప్పించుకుని పుట్టింటికి పోవాలని ఆమె ఆశ. నేను రోజూ బస్సులో పెనుకొండ బడికి పోయేదాన్ని. గర్భం చూసుకునే పట్టీ పేరు రాసిన చీటీ నా చేతిలో పెట్టింది.

"మందులంగట్లో ఇది చూపించు పాపా. ఏమిస్తే అది పుస్తకాల్లో పెట్టుకోని రా. మీ అవ్వకు చెప్పొద్దు."

అంగడి ముందు నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు పోతే వేరేవాళ్లు వచ్చారు. చీటీ చెమటకు మెత్తబడిపోయింది. బస్సు హారన్ వినబడగానే పరుగెత్తాను.

"లేవంట చిన్నమ్మా. అయిపోయినాయంట," అన్నాను.

ఇక మిగిలింది గోనెపట్టే. ఆ ఏడాది విత్తనం కొరతగా ఉందని అవ్వ నీళ్లతో తడిపి చూసే పరీక్ష మానేసింది. చిన్నమ్మ కోసం మాత్రం ఆ కొన్న విత్తనంలోంచే గుప్పెడు గింజలు తీసింది. ఐదు రోజులకు పట్ట విప్పింది.

"ఒగటీ మొలవలేదు సూడు. కడుపూ లేదు, పాడూ లేదు."

"ఇంకో నాలుగు దినాలు సూద్దాం అత్తా. నాకు వాంతులొస్తాండాయి."

"నిన్న అన్ని సంగటి ముద్దలు మింగితే రావా మల్ల? వాన పడిన నేల పదును ఆరిపోతాండాది. నీ వాంతుల కోసం కాసుకోని ఉంటాదా?"

మర్నాడు చిన్నమ్మ విత్తనాల మూట నెత్తికెత్తుకుంది. మూడో రోజు చేలోనే నెత్తురు కనబడింది. ఆటోలో హిందూపురం ఆస్పత్రికి చేర్చేసరికి అంతా అయిపోయింది. పని వల్లే పోయిందని చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆ మాటను పట్టుకునే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను.

పది రోజుల తర్వాత నాయన చేను చూడబోయాడు. సాళ్లకు సాళ్లే ఖాళీ. అమ్మినవాడు ఎన్నేళ్ల పాత సరుకు అంటగట్టాడో, విత్తనంలోనే ప్రాణం లేదు. అవ్వ తానే పోయి, మట్టి తవ్వి గింజలు చూసింది. ఇంటికొచ్చి చిన్నమ్మ మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"గింజలే సచ్చినాయి లేమ్మా," అంది.

చిన్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అవ్వ ఎవరి కోసమూ గోనెపట్ట తడపలేదు.

అవ్వ తన తప్పు చెప్పుకుని పోయింది. నాది ఈ డైరీ దాటలేదు. చిన్నమ్మ, చిన్నాయన ఇప్పుడు ధర్మవరంలో ఉంటారు, పిల్లలు లేరు. నేను పోయినప్పుడల్లా, "ఇప్పుడేం పుస్తకం చదువుతాండావు పాపా?" అని అడుగుతుంది. ఈసారి అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. గింజలకు ఐదు రోజులు పట్టేది, కప్పకు ఒక రోజు, చీటీలో రాసినదానికి ఐదు నిమిషాలు. ఆ అంగడి ముందు నేను అంతకంటే ఎక్కువ సేపే నిలబడ్డాను.