పసుపు మందారం కొమ్మ

బోరబండలో మా గల్లీ మిత్రులకు,

ఈ ఉదయం నేనుంటున్న నార్సింగిలో ఆవుపేడ అడిగి తెచ్చుకుంటుంటే, ఆ వాసనకు అమ్మ గుర్తొచ్చింది. మా గేటు పక్కన ఉండే పాత హైబ్రిడ్ మందారం గుర్తుందా? పసుపు రేకలు, ఎర్రటి నడుమ. దానికి విత్తనం రాదు. మీ అమ్మలు కొమ్మ అడిగితే మా అమ్మ అనేది: "తీస్కపో గని, కోసిన కొనకు పేడ ముద్ద పెట్టు. లేకుంటే ఎండుతది, మల్ల నన్నే తిడ్తవ్."

అమ్మ లేదు, ఆ ఇల్లూ లేదు. అమ్మ ఇచ్చిన కొమ్మను నా భార్య సుజాత మా ఫ్లాట్ బాల్కనీలో పెంచింది. సుజాత పోయాక, ఎంత చూసుకున్నా చెట్టు ఎండిపోతూ వచ్చింది. ఇవాళ మిగిలిన ఒక్క పచ్చ కొమ్మకు పేడ పెట్టి నాటాను. సాయంత్రానికి ఆకులు వాలిపోయాయి.

మీలో ఎవరింట్లోనైనా ఆ చెట్టు బతికుందా? ఒక్క కొమ్మ ఇవ్వండి. పేడ నా దగ్గర ఇంకా ఉంది.