పలికిన కట్టెకే పొయ్యిలో చోటు

మామగారి చెవి ఒప్పుకుంటే తప్ప ఆ ఇంట్లో ఏ కట్టే పొయ్యి మొహం చూడదు. రెండు కట్టెలు చేతుల్లోకి తీసుకుని, ఒకదానితో ఒకటి కొట్టి, కళ్లు మూసుకుని వింటారు. ఠంగుమంటే బాగా ఎండినట్టు. దబ్బుమంటే ఇంకా పచ్చి ఉన్నట్టు, మళ్లీ షెడ్డులోకి పోవాల్సిందే. పదింట తొమ్మిది ఆ పరీక్షలో తప్పేవి.

ఇల్లు వెచ్చబెట్టే ఆ పొయ్యి వెలిగేలోగా కోడలు చలికి బిగుసుకుపోయేది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వేళ్లు కొంకర్లు పోతే సూదిలోకి దారమే ఎక్కదు. శనివారానికి బడిపిల్లల చొక్కాలు నలభై ఇవ్వాలి. ఆలస్యమైతే వేరే టైలర్ని చూసుకుంటామని బడివాళ్లు తెగేసి చెప్పారు. మొగుడితో మొరపెట్టుకుంటే, “ఆయన వినరు గానీ, నువ్వింకో స్వెట్టర్ వేసుకో” అన్నాడు ఆ మహానుభావుడు.

అసలు పొయ్యి కొన్న రోజే ఆమెకు మామగారి సంగతి తెలిసి ఉండాల్సింది. కొట్టువాడు నడుమెత్తు ఇనుప పొయ్యి చూపించి, “దీంతో మూడు గదులు వేడెక్కుతాయి సార్” అన్నాడు.

“పొగ ఎటు పోతుంది?” అడిగారు మామగారు.

“పైకి పోతుంది సార్.”

“పైకంటే, ఎవరింటికి?”

కొట్టువాడు కోడలి వైపు చూశాడు. కోడలు గోడ వైపు చూసింది. మామగారు కొట్లో ఉన్న పదకొండు పొయ్యిల్లోనూ తల దూర్చి చూసి, జుట్టు నిండా దుమ్ముతో లేచి, అన్నిటికంటే చిన్నది కొన్నారు. పెద్దదాంట్లో మంట తగ్గించి పెడితే పొగట. చిన్నది భగభగా మండితే పొగే ఉండదట.

ఇదంతా ఒక ఎత్తు. ఎలాగో మంట అంటుకుని గది వెచ్చబడగానే ఆయన కోటు తగిలించుకుని బయటికి పోవడం ఇంకో ఎత్తు.

“ఇంతసేపూ మమ్మల్ని చలిలో కూర్చోబెట్టి, ఇప్పుడు మీరెక్కడికి మామయ్యా?”

“గాలి ఎటుందో చూసొస్తానమ్మా.”

గాలి ఎటుంటే ఈయనకేం? కోడలికి పిచ్చెక్కిపోయేది.

గురువారం మధ్యాహ్నం ఆయన వీధి చివరి సెలూన్‌కు వెళ్లారు. ఇంకా పదిహేను చొక్కాలకు గుండీలు కుట్టాలి. కోడలు షెడ్డులోంచి చేతికందిన నాలుగు కట్టెలు తెచ్చి, కొట్టకుండా, వినకుండా పొయ్యిలో పడేసి వెలిగించింది. అవి బుసలు కొట్టి, నురగ కక్కి, చివరికి ఎలాగో రాజుకున్నాయి.

పది నిమిషాలు కాలేదు. మెడకు సెలూన్ గుడ్డ, ఒక పక్క కత్తిరించిన జుట్టు, ఇంకో పక్క కత్తిరించని జుట్టుతో మామగారు తమ పొగగొట్టం మీది పొగ వైపే చూస్తూ వీధిలో పరిగెత్తుకొస్తున్నారు. వచ్చింది సొంతింటికి కాదు, ఎదురింటి మేడ మీదికి! కోడలు హడలిపోయి వెంటపడింది.

మేడ మీద ఉండేది పాటల టీచరు, ఆయాసం మనిషి. ఆమె కిటికీ సరిగ్గా వీళ్ల పొగగొట్టానికి ఎదురుగా ఉంది. గది నిండా పొగ. టీచరు దగ్గుతోంది, మామగారు కిటికీ మూసి సందులో సెలూన్ గుడ్డ కుక్కుతున్నారు.

“ఫర్వాలేదమ్మా, తగ్గిపోతుంది” అంది టీచరు, ఊపిరి తీసుకుని. “మీరు పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆయనొచ్చి ఈ కిటికీ దగ్గర కూర్చుంటారు. పొగ రాలేదని తేలాకే కదులుతారు.”

కోడలికి సిగ్గేసింది. మెట్లు దిగేసరికి సిగ్గు పోయి కోపం వచ్చింది.

“ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చు కదా మామయ్యా!”

“చెబితే నువ్వు పొయ్యి వెలిగించేదానివా?”

నిజమే. వెలిగించేది కాదు. శాలువా చుట్టుకుని, మొద్దుబారిన వేళ్లతోనే కుడుతూ కూర్చునేది. ఆ సంగతి ఈయన ఎప్పుడో కనిపెట్టేసినందుకు మరింత ఉడుక్కుంది.

ఆయన పచ్చి కట్టెల్ని బయటికి లాగి, తాను ఏరిపెట్టినవి పేర్చి, మళ్లీ వెలిగించారు. కాసేపటికి ఎదుటి కిటికీలోంచి టీచరు, పొగ లేదని చెయ్యి ఊపింది. కోడలి వేళ్లు కదిలాయి.

“ఇక వెళ్లి ఆ మిగతా సగం కత్తిరించుకోండి మామయ్యా. చూసినవాళ్లు నవ్వుతారు.”

“నవ్వనీ. మంట తగ్గితే నీ చెయ్యి ఆగుతుంది. నువ్వు కుట్టు.”

నలభయ్యో చొక్కాకు ఆఖరి గుండీ పడింది శుక్రవారం సాయంత్రం. అప్పటిదాకా మామగారు సగం తలతోనే పొయ్యి ముందు కూర్చున్నారు.