కిటికీ దగ్గర అడగకూడని మాట

లైబ్రరీలో జిరాక్స్ తీసిన కాగితం చేతికి వెచ్చగా తగిలితే చాలు, మార్లీన్ గారు గుర్తొస్తారు. అమెరికాలో అరోరా అనే ఊళ్ళో ఒక హైస్కూల్ రికార్డుల గదికి ఆవిడ అధికారి, నేను గుమాస్తాను. ఊళ్ళోని చిన్న బడుల పాత రికార్డులూ అక్కడికే చేరేవి. కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి కాదు. చదివిందంతా సొంతంగా చదివిందే. అందుకే నాకు అన్నీ తెలుసుననే పొగరు ఉండేది. దాన్ని దించింది ఆవిడే.

ఒక మధ్యాహ్నం శ్రావణి అనే అమ్మాయి మా కిటికీ దగ్గరకు వచ్చి, ఒకటో తరగతి నుంచి తన హాజరు రికార్డులన్నీ కావాలంది. తెలుగు పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏ ఊరమ్మా మీది? నాన్నగారు ఏ వీసా మీద వచ్చారు?" అన్నాను. మన తెలుగువాళ్ళం ఇక్కడ ఎక్కడ కలిసినా ముందు అడిగేది అదే కదా! ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "నథింగ్ అంకుల్, లేటర్ వస్తా" అంటూ చేతిలోని కాగితాన్ని కూడా వదిలేసి వెళ్ళిపోయింది.

అది లాయరు రాసిచ్చిన జాబితా. పసితనంలో వచ్చి, సరైన కాగితాలు లేకుండా ఇక్కడే పెరిగిన పిల్లలు, తమను దేశం నుంచి పంపెయ్యొద్దని పెట్టుకునే దరఖాస్తు కోసం. ప్రతి ఏడాదీ ఇక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. ఆ రుజువు బడిలో కాక ఇంకెక్కడ ఉంటుంది?

"ఏమడిగావు, రావ్?" అన్నారు మార్లీన్. చెప్పాను.

"అది ఇమ్మిగ్రేషన్ వాళ్ళ ప్రశ్న. ఆ ఉద్యోగంలో ఎప్పుడు చేరావు? మన కిటికీలో ఒకటే ప్రశ్న, నీకేం కావాలి అని. వెళ్ళు, ఆ పిల్లను నువ్వే తీసుకురా."

లంచ్ రూమ్‌లో ఆ పిల్ల ముందు నిలబడి తప్పయిందన్నాను. "టెంపుల్‌లో ఎవరికీ చెప్పరు కదా అంకుల్?" అంది. అరవై దాటినవాణ్ణి, తల ఎత్తలేకపోయాను.

మూడో తరగతి హాజరు పట్టీ ఎక్కడా లేదు. ఆ ఒక్క ఏడాది లేకపోతే మిగిలినవన్నీ ఉండీ దండగే. పాత పెట్టెల్లో మూడు రోజులు వెతికితే ఆ ఏడాది బడి నర్సు రాసిన రిజిస్టర్ దొరికింది. శ్రావణికి ముక్కు నుంచి రక్తం: సెప్టెంబరులో, నవంబరులో, ఫిబ్రవరిలో, మేలో. మార్లీన్ ఆ పేజీలు జిరాక్స్ తీసి, ఒక్కొక్క దాని మీద ముద్ర కొట్టి, వెచ్చగా ఉండగానే ఆ పిల్ల చేతిలో పెట్టారు. "నీ ముక్కుకి థాంక్స్ చెప్పుకో" అన్నారు. శ్రావణి నవ్వబోయి ఏడ్చేసింది.

దరఖాస్తు మంజూరై ఆ పిల్లకు ఊరట వచ్చింది. కానీ రెండేళ్ళకోసారి మళ్ళీ అడుక్కోవాలట! ఇక్కడే పాలపళ్ళు ఊడిన పిల్లకు రెండేళ్ళ గడువు పెట్టడం ఏం న్యాయమో, నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మార్లీన్ పోయి చాలాకాలమైంది. మొన్న గుడి భోజనాల దగ్గర, కొత్తగా వచ్చిన దంపతులను రిటైరైన ఒక డాక్టరు గారు "ఏ వీసా అండీ?" అని పలకరించారు. ఆ భార్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ముందు వాళ్ళను తిననివ్వండి డాక్టరు గారూ" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయనకు కోపం వచ్చింది. రానీ. నేను పులిహోర గరిటె పట్టుకుని ఆవిడ విస్తరి వైపు వంగి అడిగాను.

"నీకేం కావాలమ్మా?"