మామ్మ తాగిన రాజుగారి అనాస

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి కొత్తపేటలో మా వీధంతా అనాసపండు వాసన వచ్చేది. కాలువ గట్టున పెంకుటింట్లో రాజుగారు కూల్ డ్రింక్ కలిపే వేళ అది. అరుగు మీద పడుకుని ఆ వాసన పీలుస్తూ నిద్రలోకి జారుకునేదాన్ని... కలలు కూడా పసుపుపచ్చగా వచ్చేవంటే నమ్ముతారా!

సీసా మీద ఏదో పేరు అచ్చేసి ఉండేది గానీ, ఊళ్ళో అందరికీ అది 'రాజుగారి అనాస'. ఇంటికి ఏ చుట్టం వచ్చినా అదే ఇచ్చేవారు. చల్లగా గొంతు దిగుతుంటే ముక్కులోకి గ్యాస్ తన్నేది... ఆ సుఖమే వేరు.

మా ఇంట్లో తాగనిది ఒక్క మామ్మే. మడి మనిషి. "ఊరందరి నోళ్ళూ తగిలిన సీసా... ఎంత కడిగినా ఎంగిలి ఎంగిలే. నాకొద్దే తల్లీ" అనేది. గ్లాసులో పోసిస్తానన్నా ఒప్పుకునేది కాదు.

కానీ నేను తాగుతుంటే కళ్ళార్పకుండా చూసేది. "ఎలా ఉందే? పండులా ఉందా, పానకంలా ఉందా?" అని గుచ్చి గుచ్చి అడిగేది. ఆ ముఖం చూస్తే నాకు భలే జాలేసేది.

ఈ సంగతి రాజుగారికీ తెలుసు. మా అరుగు ముందు నుంచి వెళ్తూ, "ఊరంతా తాగారండి మామ్మగారూ, మీరొక్కరే మిగిలిపోయారు" అని నవ్వేవారు.

తర్వాత్తర్వాత పెద్ద కంపెనీల సీసాలొచ్చాయి, వాటితో పాటు ఫ్రిజ్‌లూ వచ్చాయి. కొట్లలో రాజుగారి డ్రింకుకి చోటు తగ్గిపోయింది. మా వీధిలో ఆ వాసన రోజు విడిచి రోజు... ఆ తర్వాత వారానికోసారి...

ఒక సాయంత్రం రాజుగారే మా ఇంటికొచ్చారు. చేతిలో తడిగుడ్డ చుట్టిన సీసా.

"ఇది కొత్త సీసా అండి. ఇవాళే పెట్టెలోంచి తీశాను. ఎవరి నోరూ తగల్లేదు. తలస్నానం చేసి నా చేత్తో నింపానండి. మీరు కాదనకూడదు."

మామ్మ నన్ను వెండిగ్లాసు తెమ్మంది. గ్లాసు పైకెత్తి నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. రాజుగారు కండువా నలుపుతూ నిలబడ్డారు.

"ఇంత బాగుంటుందా! ఇన్నేళ్ళూ ఈ పిల్ల నాకు సరిగ్గా చెప్పలేదండీ" అంది. ఆ తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "రేపు ఇంకోటి పంపిస్తారా రాజుగారూ?" అని అడిగింది.

ఆయన తల దించుకున్నారు. "అదే ఆఖరిదండి... ఇవాళ్టితో మూసేశాను."

ఆ తర్వాత వేసవి వచ్చినప్పుడల్లా మామ్మ ఆ రుచి తలుచుకునేది. ఇప్పుడు కొట్లో ఏ సీసా తీసినా కొత్తదే... తాగి పారేయడమే. మామ్మ ఉంటే ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. కానీ ఆవిడకి కావలసింది మాత్రం వాటిలో లేదు.

మీ ఇళ్ళలోనూ ఇలా ఒక్కసారే రుచి చూసి, దాన్నే తలుచుకుంటూ ఉండిపోయినవాళ్ళు ఉన్నారా... ఉంటే వాళ్ళ గురించి రాయండి. చదవాలనుంది.