సోఫా మీద సన్మాన శాలువాలు

నరసరావుపేట పక్కన మా ఊళ్లో, పక్కింటి అత్త రోజూ పొద్దున్నే సోఫాకు సన్మానం చేసేది. మామ సర్పంచిగా ఉన్నప్పుడు సభల్లో ఆయనకు కప్పిన శాలువాల్లో ఒకటి తీసి సోఫా వీపున పరిచేది. రెండు కుషన్లు నిలబెట్టి, ఒక్కోదాని నెత్తిన అరచేత్తో ఒక దెబ్బ వేసేది. మామ ఎన్నికల్లో ఓడిపోయాక శాలువాలూ రాలేదు, మనుషులూ రాలేదు. ఆమె మాత్రం పాతవే ఉతికి, మార్చి మార్చి వేసేది.

“ఏంది అత్తా, ఎర్రది మళ్లీ గెలిచిందే?” అన్నానొకసారి.

నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. “ఒరేయ్, మెల్లగా! మీ మామ గదిలోంచి బయటికి రావట్లేదురా. వచ్చినప్పుడన్నా ఆయన కంటికి ఇల్లు ఎప్పట్లా కనపడాల.”

నా దగ్గర ఇంకో జోకు ఉంది. మింగేశాను.

ఒక మధ్యాహ్నం ఊరి రైతొకాయన హద్దు తగాదా పట్టుకుని, కోర్టుకెళ్లే ముందు మామ మాట వినాలని వచ్చాడు. శాలువా జరీ చూసి, కూర్చోడానికి జంకి నిలబడిపోయాడు. అత్త దాన్ని ఒక్క లాగు లాగి చంకలో పెట్టుకుంది.

“కూర్చో అన్నా.” గది వైపు తిరిగి, “ఏమయ్యో, నీ కోసం వచ్చారు!” అని కేకేసింది.

మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. సాయంత్రం దాకా సోఫా బోసిగానే ఉంది. మామ రెండుసార్లు టీ అడిగాడు.